దూరపు పందెమునకు కారు

పెదకాకాని శివాలయము ముంగిట కొత్త వాహనములకు జరుగు పూజ తరచుగా కంటబడుతుంది. చక్రముల కింద నిమ్మకాయలు పెట్టి, అద్దముపై కుంకుమబొట్లు దిద్ది, పూజ ముగియగానే కారు జాతీయ రహదారి ఎక్కుతుంది. మా తాతగారి కాలమున ఇదే ఊరినుండి ఎడ్లబండి కట్టవలెనన్న, ఇరుసుకు కందెన వేసి, కడసీల బిగువుగా ఉన్నదో లేదో చూచిన పిమ్మట గాని ఎడ్లను పూన్చెడివారు కారు. కందెన వేయని బండికి కావలసినంత సంగీతము అన్న సామెత అట్టి అనుభవమునుండి పుట్టినదే. ఆ రైతుకు తెలిసిన సంగతిని ఒక ప్రసిద్ధ మోటారు కర్మాగారము నాలుగు పందెములపాటు శ్రమపడి నేర్చుకొన్నది. ఈనాడు చెప్పదలచినది ఆ కథయే.

1948 అక్టోబరులో లండను మోటారు ప్రదర్శనయందు జాగ్వార్ సంస్థ ఎక్స్‌కే 120 అను కారును చూపినది. గంటకు 120 మైళ్లు, అనగా 193 కిలోమీటర్ల వేగము గలది గనుక దానికి ఆ పేరు. 2008లో మన టాటావారి చేతికి వచ్చిన జాగ్వార్ ఇదే. ఆ కారు పందెముకొరకు పుట్టినది కాదు. బజారులో కొని రోడ్డుమీద నడుపుకొనుటకు చేసినది. అయినను 1950లో అటువంటివి మూడు, స్వల్పమైన మార్పులతో, ఫ్రాన్సులోని లెమాన్ పందెమునకు పోయినవి.

లెమాన్ పందెము సామాన్యమైనది కాదు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున విద్యుత్తు కార్ల పందెము జరిగినప్పుడు అది గంటలోపే ముగిసినది. లెమాన్‌లో పగలనక రేయనక 24 గంటలు పోవలెను. నడుపువారు మారవచ్చును గాని కారు మారదు. చుట్టు ఒక్కింటికి ఆ రోజులలో సుమారు 13 కిలోమీటర్ల 500 మీటర్లు. అందులో ఆరు కిలోమీటర్ల తిన్నని బాటపై పూర్తి వేగముతో వచ్చి, దాని చివర ఇరుకు మలుపు వద్ద ఒక్కసారిగా వేగము తగ్గించవలెను.

ఆ మూడింటిలో రెండు కార్లు 12, 15 స్థానములలో గమ్యము చేరినవి. ముందు వరుసలో పోవుచున్న మూడవది 21వ గంటలో నిలిచిపోయినది. బ్రేకుల పట్టు సడలుటచేత, నడుపువారు గేర్లు మార్చి ఇంజనుతోనే వేగము తగ్గించుచు వచ్చినారు. ఆ ఒత్తిడికి క్లచ్చి తెగినది. ఇంజనులో శక్తి లేకపోలేదు. ఆపు శక్తి చాలలేదు.

మరుసటి సంవత్సరమునకు అదే ఇంజనును మెరుగుపరచి, బరువైన చట్రమునకు బదులు సన్నని ఉక్కు గొట్టముల అల్లికను, దానిపై అల్యూమినియము రేకును అమర్చినారు. బరువు తగ్గిన బండిని కదల్చుటయు సులువు, ఆపుటయు సులువు. సీ-టైప్ అను ఆ కారు 1951లో గెలిచినది. అయినను దానితో వచ్చిన తక్కిన రెండును మధ్యలోనే ఆగినవి. కారణము ఇంజనులోని చిన్న రాగి నూనెగొట్టము. ఎడతెగని అదురుకు అది విరిగినది. మన బండి కడసీల వంటి వస్తువు!

1952లో మరింత వేగము కోరి కారు ముక్కును సాగదీసి, నీటితో ఇంజనును చల్లబరచు ఏర్పాటును మార్చినారు. ఆ మార్పును చాలినంతగా పరీక్షించు వ్యవధి లేకపోయినది. మూడు కార్లును కొద్ది గంటలకే వేడెక్కి ఆగిపోయినవి.

1953లో పాత ఆకారమునకే తిరిగి వచ్చి, డిస్కు బ్రేకులు బిగించినారు. అంతకు ముందటి బ్రేకులలో రాపిడి ఒక డప్పు వంటి పెట్టెలోపల జరిగెడిది. వేడి బయటకు పోవు దారి తక్కువ. మూతపెట్టిన గిన్నెలోని అన్నము చాలసేపు వేడిగా ఉండును. విస్తరిలో పరచినది త్వరగా చల్లారును. డిస్కు గాలికి తెరిచియుండు పళ్లెము వంటిది. ఆ ఏడు జాగ్వార్ కార్లు మొదటి, రెండవ, నాలుగవ స్థానములు పొందినవి. గెలిచిన కారు సగటు వేగము గంటకు సుమారు 170 కిలోమీటర్లు. అది తిరిగిన చుట్లు మూడువందలకు పైబడినవి. ప్రతి చుట్టులోను ఆ ఇరుకు మలుపు ఎదురైనది. ప్రతిసారియు బ్రేకు మాట విన్నది.

ఈ కథ మనకేల అనవచ్చును. రాత్రివేళ మన రహదారిపై గుంటూరు యార్డునకు మిరప బస్తాల లారీలు పోవుచుండును. వాటి నడుమ సైకిళ్లు, ఆటోలు, నడిచిపోవు కూలీలు. ఆ దారిలోనే కొందరు యువకులు తమ కార్లకు పెద్ద శబ్దము చేయు గొట్టములు తగిలించి, ఇంజను బలము పెంచి, పందెపు కార్లమని మురియుచున్నారు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, తయారీదారు నిర్ణయించిన అమరికను ఇష్టము వచ్చినట్లు మార్చరాదనుచున్నది. చట్టము మాట అటుంచినను, 1955లో అదే లెమాన్‌లో ఒక కారు మరొకదానిని తాకి జనములోనికి ఎగిరిపడగా 80 మందికి పైగా మరణించినారు. అక్కడ నడుపువారు ఆరితేరినవారు. బాటపై ఎదురు వచ్చు బండ్లు లేవు. మన బాటమీద ఇవి రెండును లేవు.

పందెము ముచ్చట గలవారు పందెపు బాటకే పోవలెను. ఇంటి కారు గలవారు మాత్రము జాగ్వార్‌వారు కష్టపడి నేర్చిన పాఠమును సులువుగా గ్రహింపవచ్చును. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకొనును. తేమ చేరినకొలది తక్కువ వేడికే మరుగును. మరిగినప్పుడు పెడలు కాలికింద మెత్తబడి పట్టు తప్పును. కనుక చెప్పిన గడువుకు దానిని మార్పించవలెను. టైర్లలో గాలి, రేడియేటరులో నీరు బయలుదేరకముందే చూచుకొనవలెను.

దేవుని ముందు నిమ్మకాయ పెట్టుట మన ఆచారము. కడసీల చూచుకొనుటయు మన ఆచారమే. మొదటిది నిలిచియున్నది, రెండవదానిని మరువకుందుము గాక.