అన్నం తిన్నావా? ఓవర్‌టైం ఇచ్చారా?



అమెరికాలో గంటల జీతం మీద పనిచేసే అమ్మాయి ఫోనులో, "అమ్మా, ఇవాళ పది గంటలు చేశాను" అంటే, "అన్నం తిన్నావా?" అంటాం. "ఓవర్‌టైం ఇచ్చారా?" అని కూడా అడగండి.

అక్కడి కేంద్ర చట్టం 1938 నాటిది. వారంలో 40 గంటలు దాటితే, ఆపై ప్రతి గంటకూ ఒకటిన్నర రెట్లు ఇవ్వాలి. కాలిఫోర్నియా రాష్ట్రంలో సాధారణంగా రోజుకు 8 గంటలు దాటినా ఒకటిన్నర, 12 దాటితే రెట్టింపు. రెండు చట్టాల్లో పనివారికి ఏది మేలో అదే చెల్లుతుంది.

మూడు రోజులు పదేసి గంటలు చేస్తే వారానికి 30 గంటలే. కేంద్రం లెక్కలో అదనం రాదు. కాలిఫోర్నియా లెక్కలో 6 గంటలకు వస్తుంది!

"వద్దని సంతకం పెట్టానమ్మా" అన్నా ఆ హక్కు పోదు. మనం పాల లెక్క క్యాలెండరు మీద రాసుకోమూ? అలాగే పని గంటలు రాసుకోమనండి.