అడుగువారు లేని మనిషి



మా కాజీపల్లి పూర్వము మెదకు జిల్లాలోనిది; 2016 నుండి సంగారెడ్డి జిల్లాలోనిది. బొల్లారము, గడ్డపోతారము, పటాన్‌చెరువు మొదలగు తావులవలెనే ఇచ్చటను మందుల కర్మాగారములు మున్నగునవి వెలసినవి. వానిలో పనిచేయుటకై ఒడిశా, బీహారు, బంగాళము మొదలగు దూరదేశములనుండి పడుచువాండ్రు వచ్చి, మన యిండ్లచెంత కట్టిన గదులలో నలుగురైదుగురు చొప్పున కాపురముందురు. ఒకనాడు వారిలో నొకడు కనబడకపోవును. ఏమయ్యెనని యెవరైన నడిగినచో, "ఊరికి పోయినాడు కాబోలు" నను మాట వినబడును. దానితో విచారణ ముగియును. నేడు నేను మనవి చేయదలచినది ఆ "కాబోలు" అను మాట యెంత ప్రమాదకరమైనదో యన్న సంగతి.

వరుసగా మనుష్యులను జంపు హంతకుడు చూపునకు మనవంటివాడే. పోయినవానిని గూర్చి యడుగువా రుండరను ధైర్యమే వానికి ముఖ్యబలము. ఇందులకు మన తెలుగునేలపై జరిగిన రెండు సంగతులు చెప్పెదను.

మొదటిది 2008లో ఒంగోలు ప్రాంతమున జరిగినది. మున్నా యను పేర పిలువబడు నొకడు తన ముఠాతో జాతీయ రహదారిపై అధికారివేషమున నిలిచి, కాగితములు చూపుడని లారీల నాపుచుండెను. డ్రైవరును, క్లీనరును గొంతునకు త్రాడు బిగించి చంపి, శవములను గోనెసంచులలో గట్టి పూడ్చి, సరకును అమ్మి, లారీని మద్దిపాడువద్ద నొక గోదాములో ముక్కలు చేయించి పాత యినుముక్రింద మార్చుచుండెను. ఇట్లు పలువురు బలియైరి. పశ్చిమ బంగాళములోని దుర్గాపురమునుండి తమిళనాడులోని కల్పాక్కమునకు ఇనుము గొనిపోవుచున్న లారీ యొకటి గమ్యము చేరలేదని దాని యజమాని ఆ యేటి అక్టోబరులో ఫిర్యాదు చేసెను. ఆ తీగను లాగగా డొంకయంతయు కదలెను. 2021 మే 24న ఒంగోలు న్యాయస్థానము 12 మందికి మరణశిక్ష విధించెను.

ఇందులో మనము యోచింపవలసిన దొకటి కలదు. లారీలోని యినుమునకు తూకము కలదు, చీటీ కలదు, చేరవలసిన గడువు కలదు. అది రాకున్న అడుగువాడు కలడు. దానిని నడపు పడుచువాని రాకపోకలకు గడువు వ్రాసిన చీటీ యెవరివద్దను ఉండదు. ఇట్టివాని తల్లి యెచ్చటనో యింటివాకిట నెదురుచూచుచుండును. కొడుకు ఏ త్రోవను పోయెనో, ఏ రాష్ట్రమున ఎవరి నడుగవలెనో ఆమె కేమి తెలియును?

రెండవది 2020లో వరంగల్లుచెంత గొర్రెకుంటలో జరిగినది. బీహారునుండి వచ్చిన సంజయ్ కుమార్ యాదవ్ అనువాడు తనతో సహవాసము చేయుచున్న యొక స్త్రీని మార్చినెలలో రైలెక్కించి, దారిలో చంపి, నిడదవోలు దగ్గర రైలునుండి త్రోసివేసెను. తిరిగివచ్చి, ఆమె బంగాళమునకు పోయినదని చెప్పెను. ఆమె బంధువురాలొకతె యా మాట నమ్మలేదు. మఱల మఱల అడిగెను. పోలీసులకు చెప్పెద ననెను. మే 20 రాత్రి వాడు ఆ కుటుంబము తిను భోజనములో నిద్రమాత్రలు కలిపి, స్పృహతప్పినవారిని బావిలో పడవేసెను. 9 మంది మరణించిరి. అదే ఆవరణమున మేడమీద నుండిన బీహారు యువకు లిద్దరును అందులో నున్నారు. వారికి ఆ తగవుతో సంబంధమే లేదు; సాక్షులగుదురేమో యను భయముచేతనే వారు చంపబడిరి. ఆ సంవత్సరము అక్టోబరు 28న వరంగల్లు న్యాయస్థానము హంతకునకు మరణశిక్ష విధించెను.

ఆ యిల్లాలు అడుగవలసిన ప్రశ్ననే అడిగినది. కాని యొంటరిగా నడిగినది. ఆ ప్రశ్న ఊరందఱి నోటను ఉండినచో, ఒక్క కుటుంబమును రూపుమాపి దానిని అణచవచ్చునని వానికి తోచియుండదు.

కౌటిల్యుని యర్థశాస్త్రమున నాగరకుని విధులు చెప్పుచోట ఒక నియమము కలదు. ధర్మశాల నడుపువారు బాటసారిని గూర్చి అధికారికి తెలిపి బస యియ్యవలెను. గృహస్థు తన యింటికి వచ్చినవానిని, పోయినవానిని తెలుపవలెను. తెలుపనిచో ఆ రాత్రి జరిగిన దోషము వానిది. రాజు అనుమానముచేత విధించిన దానిని మనము ఆదరముచేత పాటింపవచ్చును. పరదేశియన్న భయపడు పెద్దలు కొందఱు కలరు. ఒంగోలు రహదారిపై చంపబడినవారు పరదేశులేయని వారు మఱువరాదు.

నేను బడిలో హాజరు పిలిచి జీవించినవాడను. పిలిచిన పేరునకు పలుకు రాకున్న "వాడేడిరా?" అని ప్రక్కవాని నడుగుట మా యాచారము. వానికిని తెలియనిచో ఇంటికి కబురు పోయెడిది. ఊరికి నట్టి హాజరొకటి కావలెను. వేలమంది నెట్లెరుగుదుమని యందురు. ఊరివారిని ఊరెల్ల ఎఱుగనక్కరలేదు. గది యద్దెకిచ్చినవాడు తన గదిలోని నలుగురిని ఎఱిగిన చాలును. ప్రతివాని పేరు, తండ్రిపేరు, స్వగ్రామము, జిల్లా, యింటివారి ఫోను నెంబరు ఒక పుస్తకమున వ్రాసియుంచవలెను. ఒకడు కనబడనిచో ఆ దినముననే వాని యింటికి ఫోను చేయవలెను. ఊరికి పోయినవాడైనచో అచ్చటివారే చెప్పుదురు.

అచ్చట లేడని తెలిసినచో జాగు చేయరాదు. ఇరువదినాలుగు గంటలు గడచినగాని ఫిర్యాదు తీసికొనరాదను నియమము చట్టమున లేదు. అపహరణమో, హత్యయో యను అనుమానమున్నచో, ఆ తావు తమ పరిధిలోనిది కాదని ఠాణావారు త్రిప్పిపంపరాదు. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారము ఏ ఠాణాలోనైనను సమాచార మియ్యవచ్చును. దాని ప్రతిని ఉచితముగా పొందవచ్చును. ఫోటోను, ఒంటిమీది గురుతులను, కట్టిన బట్టలను, కడపట ఎవరితో కనబడెనో యా వివరమును తెలుపవలెను. ఠాణాకు ఒక్కరు పోక, నలుగురు పెద్దలు కలసి పోవలెను. తెలుగురాని కూలివాని మాటకంటె పెద్దల మాట ముందుగా వినబడును. ఆ గౌరవమును ఇట్టి పనికి వినియోగించుటకంటె మేలేమున్నది?

నేటి రాత్రియే మీ గదులలో నున్నవారి పేర్లు వ్రాసికొనుడు. ఎవని పేరు మీకు తెలియదో వానిని పిలిచి అడుగుడు.