ఇంటి శీతల యంత్రము: మన చేతిపని యెంతవఱకు?



అనంతపురముతో పోల్చిన మన హిందూపురమున ఎండలు కొంత మెత్తన. సముద్రమట్టమునకు రమారమి 2,000 అడుగుల యెత్తున నున్న యూరిది. అయినను వేసవిలో కాంక్రీటు మిద్దె క్రింద పగలు గడపుట కష్టము. అందుచే ఏ.సీ. యంత్రము సామాన్య గృహములకును వచ్చినది. కొనుట యొక పూట పని. బిగించు మెకానిక్కు మాత్రము ఎండకాలమున పిలిచినంతనే రాడు. గోడకు రంధ్రము పడినది, స్టాండు బిగిసినది, రాగి గొట్టములు వ్రేలాడుచున్నవి. మిగిలినది రెండు నట్లే గదా, మనమే ముగింతమని యజమానికి తోచుట సహజము. ఈ తలంపు ఎంతవఱకు మంచిదో విచారింతము.

కంటికి గనబడు పనులు యజమాని చేసికొనవచ్చును. బయటి యూనిట్టునకు పడమటియెండ సోకనిదియు, గాలి ధారాళముగా నాడునదియు నగు చోటు చూడవలెను. గోడరంధ్రము బయటివైపునకు కొంచెము వాలియుండవలెను. నీటిగొట్టము ఎచ్చటను పైకి లేవక దిగుచు పోవలెను. లోపలి యూనిట్టు తొట్టిలో గ్లాసెడు నీరు పోసిన తప్పొప్పులు తెలియును.

కంటికి గనబడని పని వేఱు. 1902లో విల్లిస్ కారియర్ అను అమెరికా ఇంజనీరు బ్రూక్లినులోని యొక ముద్రణాలయము కొఱకు, గాలిలోని తేమను అదుపు చేయుటకై యిట్టి యంత్రమును రూపొందించెను. విచిత్రమేమనగా, తేమను తఱుము నీ యంత్రమునకు తన కడుపులోని తేమయే శత్రువు. గొట్టములలో మిగిలిన తేమ కంప్రెసరు నూనెతో కలిసి ఆమ్లమై యంత్రమును లోలోపల తినివేయును. మిగిలిన గాలి పీడనమును పెంచి విద్యుత్తును వృథాపుచ్చును.

కావున గొట్టములు బిగించినపిదప వాక్యూమ్ పంపుతో లోపలి గాలిని లాగివేయవలెను. పీడనము మిక్కిలి తగ్గినపుడు నీరు గది వేడిమికే ఆవిరియై వెడలిపోవును. పంపు ఆపినపిదప ముల్లు కదలక నిలిచిన అతుకులు సరియైనవి. ఎడతెగక పైకి జరుగుచున్న ఎచ్చటనో కారుచున్నదని యర్థము. అటుపిమ్మటనే గ్యాసు వాల్వు తెఱువవలెను. కొందఱు పంపు తేక, యంత్రములోని గ్యాసునే కొంత వదలి గాలిని వెడలగొట్టుదురు. అది కొఱత పని. నేటి యంత్రములలో మెండుగా వాడు ఆర్-32 స్వల్పముగా మండును. ఆర్-290 వంటగ్యాసు జాతిది, మిక్కిలి మండును. మఱియు ఆర్-32 వాయువు, నూఱేండ్ల లెక్కలో, భూమిని వేడెక్కించుటయందు బొగ్గుపులుసు వాయువునకు రమారమి 675 రెట్లు.

విద్యుత్తు సంగతియు నట్టిదే. ఒకటిన్నర టన్నుల యంత్రము రమారమి ఒకటిన్నర కిలోవాట్లు లాగును. దానికి ప్రత్యేకమైన లైను, ఎం.సీ.బీ., ఎర్తు ఉండవలెను. ఫ్యాను ప్లగ్గునకు తగిలించుట కొఱివితో తల గోకికొనుటయే. స్విచ్చి తీసినను కెపాసిటరులో విద్యుత్తు కొంతసేపు నిలిచియుండును.

అట్లని ఈ జ్ఞానము మనకెందుకని యనరాదు. చేయుటకు గాదు, చేయించుటకు. మెకానిక్కు వచ్చినపుడు మూడు ప్రశ్న లడుగుడు: పంపు తెచ్చితివా? ముల్లు నిలిచినదా? అతుకులకు సబ్బునురుగు పెట్టి చూచితివా? తెలిసి యడుగు యజమాని యెదుట పని తఱుగదు. బిగించువా రెవరైన వారంటీ చెల్లునో కాగితమున ముందే చదువుకొనుడు.

నాలుగు దినములు ఉక్క సహించుట కష్టమే. అయినను రాగి గొట్టముల మూతులకు టోపీలు బిగించి, మిద్దెపై నీరు చల్లుకొని వేచియుండుట, సంవత్సరము తిరుగకముందే కంప్రెసరు మార్చుకొనుటకంటె మేలు. చేయదగినది చేయుట నేర్పు. చేయరానిచోట చేయి వెనుకకు తీసికొనుటయు నేర్పే.

సెలవు.