పండుగ కాని దినములు

(కుటుంబ జీవిత సభలో చేసిన ప్రసంగ పాఠము)



శతవార్షికోత్సవమనగా పెద్ద పండుగ. పందిళ్లు, ఊరేగింపు, విందు అన్నియు ఉన్నవి. ఇంత సందడిలో మమ్మును మాత్రము పండుగ కాని దినములను గూర్చి మాట్లాడుమన్నారు. బిడ్డల విషయములో అదే తగిన అంశమని మేమును తలంచుచున్నాము. క్రిస్మసునాడు బిడ్డకు కొత్త బట్టలు తొడిగి, వాకిట నక్షత్రము వ్రేలాడగట్టవలెనని ఎవరికిని చెప్పనక్కరలేదు. ఫిబ్రవరి నెలలో ఏదో ఒక మంగళవారము సాయంత్రము మన యింట ఆ బిడ్డకు ఏమున్నది? అదే మా ప్రశ్న.

ముందుగా ఒక చిన్న లెక్క. మనలో అనేకులము బిడ్డలను ఐదవ తరగతికే గురుకుల పాఠశాలలకు పంపుచున్నాము. 1971లో అప్పటి నల్లగొండ జిల్లా సర్వేలులో తొలి గురుకులము తెరచినది మొదలు ఆ బడులు ఎందరో పేద బిడ్డలను పైకి తెచ్చినవి. వాటిని మేము ఆక్షేపించుట లేదు. దరఖాస్తు నింపి, పరీక్ష వ్రాయించి, సీటు వచ్చినదని వీధి అంతయు మిఠాయి పంచిన వారము మనమే గదా. అయితే బిడ్డకు జ్ఞాపకములు నిలుచుట సుమారు మూడవ యేట మొదలగుననుకొంటే, పదవ యేట పెట్టె సర్దుకొని వెళ్లువరకు ఉన్నవి ఏడు సంవత్సరములు. అనగా 2,555 రాత్రి భోజనములు. అందులో తండ్రి పొద్దుపోయి వచ్చినవి, తల్లి నాట్లకో కోతలకో పోయి అలసి పండుకొన్నవి, అందరును టీవీ వైపు తిరిగి తిన్నవి తీసివేయండి. మిగిలినవి ఎన్నో మీరే లెక్క కట్టుకొనండి. తండ్రి గల్ఫులో ఉన్న యింట ఆ లెక్క ఇంకను చిన్నది.

దినమును విశేషము చేయుటయనగానే డబ్బు ఖర్చు అనుకొనువారు కలరు. మొదటి పుట్టినరోజునకు నాలుగు రోడ్ల కూడలిలో ఫ్లెక్సీ కట్టించుచున్నారు. ఆ బిడ్డకు ఇంకను చదువే రాదు! అది బంధువులు చదువుకొనుటకే. బిడ్డకు కావలసినది వేరు. పెద్దలు చేయు పనిలో తనకును ఒక చోటు, తనకును ఒక మాట.

ఆవకాయ పెట్టే రోజు చూడండి. అంతకు మించిన ఉదాహరణ మాకు తోచలేదు. కాయలు నీళ్లలో వేసి, కడిగి, తడి లేకుండ తుడిచి, టెంకతో సహా కత్తిపీట మీద ముక్కలు కొట్టుదురు. ముక్కలోని జీడి తీసి, టెంకకు అంటియున్న పలుచని పొర ఒలిచి, పొడి గుడ్డతో మరల తుడవవలెను. ఒక్క తడిచేయి తగిలినను జాడీ అంతయు బూజు పట్టును. ఈ తుడిచే పని ఆరేండ్ల బిడ్డకు చక్కగా వచ్చును. కాని మన యిండ్లలో ఏమి జరుగుచున్నది? "కారము కండ్లలో పడుతుంది, అవతలికి పొండి" అని తరిమివేయుచున్నాము. కారము డబ్బా మూత తీయక మునుపే తుడుపు పని అయిపోవును గదా! "నీ చేయి తడిగా ఉన్నదేమో చూసుకో నాన్నా, సంవత్సరమంతా మనం తినేది ఇదే" అని ఒక్క మాట చెప్పి గుడ్డ చేతికిస్తే, ఆ బిడ్డ ఎంత పెద్దవాడగునో చూడవలెను.

తరువాత కొలతలు. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. ఇవి ఇప్పుడు బడిలో చెప్పరు. ఆవపిండి ఎన్ని సోలలు, ఉప్పు ఎంత అని అవ్వ లెక్క చెప్పుచుండగా బిడ్డ కొలిచి పోయవచ్చును. నూనె పోసి కలిపి, జాడీకెత్తి వాసెన కట్టిన పిమ్మట అసలు పండుగ ఉన్నది. కలిపిన బేసినులో వేడి అన్నము వేసి, అంటుకొని యున్న పిండి, నూనె అన్నియు కలిపి తల్లి తలకొక ముద్ద పెట్టును. కడగొట్టు బిడ్డకు మొదటి ముద్ద. పళ్లెములు లేవు, పీటలు లేవు. అందరును బేసిను చుట్టే. ఆ ముద్ద రుచి ముదిమి వరకు మరువనివారు ఈ సభలో ఎందరున్నారో చేతులెత్తమంటే తెలియును. మూడవనాడు తిరుగగలుపుటకు జాడీ విప్పువరకు బిడ్డ దినమునకు పదిసార్లు అడుగుచుండును. విసుగుకొనకండి. ఎదురుచూచుటయు బిడ్డకు ఆటయే.

చంద్రుని చూపి గోరుముద్దలు పెట్టిన తల్లులము, నేడు సెల్‌ఫోను చూపి పెట్టుచున్నాము. ఈ రెండును ఒకటేనని కొందరందురు. మేము ఒప్పుకొనము. చంద్రుని తల్లియు చూచును, బిడ్డయు చూచును, ఇద్దరి నడుమ మాట పుట్టును. ఫోనును బిడ్డ ఒంటరిగా చూచును; నోరు దానంతట అది తెరచుకొనును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనలలో ఏడాది లోపు బిడ్డకు తెర అసలే వద్దనియు, రెండు మొదలు నాలుగేండ్ల వరకు దినమునకు ఒక గంటకు మించరాదనియు చెప్పినది.

అయితే ఫోనే ఆధారమైన యిండ్లును మన సంఘములలో చాల ఉన్నవి. తండ్రి దుబాయిలో, తల్లి కువైటులో, బిడ్డ అమ్మమ్మ వద్ద. ఆ తండ్రి ఫోను చేసి "బాగా చదువుతున్నావా?" అని అడుగును. "ఆఁ" అని బిడ్డ అనును. మాట అక్కడితో సరి. దీనికి బదులు అమ్మమ్మ భోజనము వేళకు ఫోను పళ్లెము ఎదుట నిలబెట్టవచ్చును. ఇచ్చట రాత్రి 8 గంటలైతే దుబాయిలో 6.30, కువైటులో సాయంత్రము 5.30. కుదిరినప్పుడు ఆయనయు తన రొట్టె అక్కడ తినవచ్చును. ఈ దినము దొరికిన రంగు రాయి, ఊడిన పన్ను, కోడి పెట్టిన గ్రుడ్డు, ఏదో ఒకటి బిడ్డ చూపవలెనని నియమము పెట్టండి. దినమంతయు ఆ ఒక్కటి వెదకుటలోనే గడచును.

కుటుంబ ప్రార్థన గూర్చి ఒక్క మాట. పాట ఏదో బిడ్డనే ఎన్నుకొననీయండి, నెల అంతయు ఒకే పాట అడిగినను సరే. ముప్పావు గంట సాగదీస్తే బిడ్డ నిద్రపోవును. దానికి బిడ్డను గద్దించుట న్యాయము కాదు.

ఇక హాస్టలులో ఉన్న బిడ్డల తల్లిదండ్రులకు. చూడనిచ్చే ఆదివారమున వెళ్లినప్పుడు మార్కులు చివర అడగండి. ఇంటి కబుర్లు ముందు చెప్పండి: మేక ఈనినదా, గోడకు సున్నము కొట్టినారా, అక్క కొత్త కూర ఏమి నేర్చినది అని. తాను లేకున్నను ఆ యింట తన చోటు అట్లే యున్నదని బిడ్డకు తెలియవలెను. వేసవి సెలవులకు బిడ్డలు వచ్చునప్పటికి మామిడికాయకు టెంక కట్టియుండును. వారు రాకమునుపే తొందరపడి ఆవకాయ పెట్టివేయకండి. నాలుగు దినములు ఆగండి.