హైకోర్టు జడ్జిని అడిగేదెవరు?

(షోలాపూర్ నేత కార్మికుల పేటలో తెలుగు క్రైస్తవ యువజనుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



సాంచాల మీద చద్దర్లు, టవెల్లు నేసేవాళ్లకూ, ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టే అక్కలకూ హైకోర్టు జడ్జీల నీతి నియమాలతో ఏం పని అని మీలో కొందరికి అనిపించవచ్చు. పని ఉంది. లేబర్ కోర్టులో మీరు గెలిచిన కేసును సేఠు పైకి తీసుకుపోతే అది చేరేది బొంబాయి హైకోర్టుకే. లక్ష్మీ విష్ణు, నరసింగ్‌గిర్జి మిల్లులు మూతపడడం కళ్లారా చూసినవాళ్లు ఈ పేటలో ఇంకా ఉన్నారు. బకాయి జీతమైనా, గ్రాట్యుటీ అయినా, ఇంటి జాగా అయినా చాలా కేసుల్లో ఆఖరి మాట అక్కడిదే. మన పేదవాడు సుప్రీంకోర్టు దాకా పోవడం ఎంత అరుదో మీకు తెలుసు.

2025 ఆగస్టు 18 నుంచి ఆ హైకోర్టు కొల్హాపూర్‌లో సర్క్యూట్ బెంచి నడుపుతోంది. షోలాపూర్ జిల్లా దాని కిందికి వచ్చింది. అంటే కోర్టు కొంచెం దగ్గరైంది. ఆ కుర్చీలో కూర్చున్నాయన తప్పు చేస్తే అడిగే దారి కూడా దగ్గరైందా అన్నదే ఇవాళ నా ప్రశ్న.

సర్క్యూట్ బెంచి మనకు కొత్త గానీ సమూయేలుకు కొత్త కాదు. ఆయన ఏటేటా బేతేలు, గిల్గాలు, మిస్పా తిరిగి తీర్పు తీర్చేవాడు. ముసలితనంలో కొడుకులను న్యాయాధిపతులుగా పెడితే వాళ్లు బెయేర్షెబాలో లంచాలు తిన్నారు. పెద్దలు వచ్చి ఆ మాట ఆయన ముఖం మీదే చెప్పారు. రాజు కావాలన్నందుకు ఆయన నొచ్చుకున్నాడు గానీ, కొడుకుల సంగతి అబద్ధమని అనలేదు. తర్వాత తానే జనం ముందు నిలబడి, ఎవరి ఎద్దునైనా గాడిదనైనా తీసుకున్నానా, ఎవరి దగ్గరైనా లంచం పుచ్చుకున్నానా, ఉంటే చెప్పండి, తిరిగి ఇచ్చేస్తానన్నాడు. ఈ కాలపు మాటలో చెప్పాలంటే అది ఆస్తుల ప్రకటన. మామూలు జనం అడిగే వీలుగా, బహిరంగంగా చేసిన ప్రకటన.

మరి మన రాజ్యాంగం ఏం చెబుతోంది? హైకోర్టు జడ్జిని పార్లమెంటు మాత్రమే తొలగించగలదు. లోక్‌సభలో వందమంది లేదా రాజ్యసభలో యాభైమంది సంతకాలతో తీర్మానం పెట్టాలి. దాన్ని స్పీకర్ లేదా ఛైర్మన్ స్వీకరిస్తే ముగ్గురి కమిటీ విచారిస్తుంది. తప్పు రుజువైతే ఉభయ సభల్లోనూ మూడింట రెండు వంతుల ఓట్లు రావాలి. ఇంత కష్టంగా ఎందుకు పెట్టారంటే, ప్రభుత్వం తనకు గిట్టని జడ్జిని ఇంటికి పంపకుండా. ఆ భయం ఉత్తది కాదు. ఎమర్జెన్సీలో, 1976లో, గుజరాత్ హైకోర్టు జడ్జి సంకల్‌చంద్ శేఠ్‌ను ఆయన సమ్మతి లేకుండానే మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు బదిలీ చేశారు. ఆయన దాని మీద కేసు వేసి పోరాడారు. కాబట్టి ఈ గోడ పడగొట్టాలని నేను అనను. గోడకు ఒక తలుపు ఉండాలంటాను.

తలుపు లేకపోతే ఏమవుతుందో మన హైదరాబాదులోనే చూశాం. ఉమ్మడి హైకోర్టు జడ్జి జస్టిస్ సి.వి. నాగార్జునరెడ్డి మీద ఒక దళిత జూనియర్ సివిల్ జడ్జి ఆరోపణలు చేశారు. కులం పేరుతో అవమానించారని, దౌర్జన్యం చేశారని ఆ ఫిర్యాదు. 2016లో యాభైమందికి పైగా రాజ్యసభ సభ్యులు తొలగింపు తీర్మానం మీద సంతకాలు పెట్టారు. తర్వాత తొమ్మిదిమంది వెనక్కి తగ్గారు. లెక్క యాభైకి లోపల పడింది. అంతటితో అది ఆగింది.

ఇక్కడ జాగ్రత్తగా వినండి. ఆ ఆరోపణలు నిజమని నేను చెప్పడం లేదు. రుజువు కాలేదు. కానీ అబద్ధమని కూడా ఆ ముగ్గురి కమిటీ ఏదీ కూర్చుని తేల్చలేదు. ఫిర్యాదు చేసినవాడికి జవాబు లేదు, ఆరోపణ మోసినాయనకు నిర్దోషి అన్న మాటా లేదు. కింది కోర్టు జడ్జికే ఈ గతి పడితే, సాంచా నడిపే మనిషి ఫిర్యాదు ఎవరి చేతికి చేరుతుంది? సాక్ష్యం చూడకముందే సంతకాల లెక్క దగ్గర వ్యవహారం ముగిసిపోవడం నాకు అన్నిటికన్నా అన్యాయంగా కనిపిస్తుంది.

ఓట్ల దాకా వెళ్లినా అంతే. 1993 మేలో జస్టిస్ వి. రామస్వామి మీద తీర్మానానికి లోక్‌సభలో అనుకూలంగా 196 ఓట్లు పడ్డాయి, వ్యతిరేకంగా ఒక్కటీ లేదు. 205 మంది ఓటు వేయకుండా కూర్చున్నారు. తీర్మానం వీగిపోయింది. కలకత్తా హైకోర్టు జడ్జి సౌమిత్ర సేన్ విషయంలో 2011లో రాజ్యసభ తీర్మానం నెగ్గింది, లోక్‌సభకు వచ్చేలోపు ఆయన రాజీనామా చేశారు.

రెండో దారి ఒకటుంది, అది పుట్టింది మీ హైకోర్టు గొడవలోనే. 1995లో బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎ.ఎం. భట్టాచార్జీకి ఒక విదేశీ ప్రచురణకర్త నుంచి పుస్తకం రాయల్టీ పేరుతో పెద్ద మొత్తం అందిందని లాయర్ల సంఘం పట్టుబట్టింది. ఆయన రాజీనామా చేశారు. ఆ కేసులో సుప్రీంకోర్టు తీర్పు రాసింది ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన జస్టిస్ కె. రామస్వామి. (ఇందాక చెప్పిన రామస్వామి వేరు, ఈయన వేరు.) లాయర్లు జడ్జిని ఒత్తిడిపెట్టి దింపకూడదు, ఆధారాలు ప్రధాన న్యాయమూర్తికి ఇవ్వాలి, ఆయన విచారించాలి అన్నారు. ఆ మాట మీదే 1999లో అంతర్గత విచారణ పద్ధతి ఖాయమైంది. అంతకు ముందు, 1997 మే 7న, సుప్రీంకోర్టు జడ్జీలందరూ కలిసి పదహారు నియమాలు ఒప్పుకున్నారు. బంధువు లాయరైతే తన ముందు వాదించనివ్వకూడదు, షేర్లలో సట్టా ఆడకూడదు, బయటివాళ్ల కానుకలు పుచ్చుకోకూడదు వంటివి. మంచి నియమాలే. తప్పితే ఏమవుతుందో మాత్రం అందులో రాయలేదు.

అంతర్గత విచారణ నివేదిక బయటివాళ్లకు ఇవ్వనక్కర్లేదని 2003లో సుప్రీంకోర్టే చెప్పింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు జడ్జి యశ్వంత్ వర్మ ఇంట్లో మంటలు, కాలిన నోట్ల కట్టల వ్యవహారం వచ్చినప్పుడు అప్పటి ప్రధాన న్యాయమూర్తి సంజీవ్ ఖన్నా ఫొటోలను, ఉత్తరాలను కోర్టు వెబ్‌సైట్లో పెట్టారు. ఆ డబ్బు తనది కాదని జడ్జి అన్నారు. ముగ్గురు జడ్జీల కమిటీ వేశారు, ఆగస్టులో 146 మంది ఎంపీల తీర్మానాన్ని స్పీకర్ స్వీకరించారు. కాగితాలు బయటపడ్డాయి గనుకే కథ కదిలింది. అదే ఏడాది మేలో సుప్రీంకోర్టు జడ్జీల ఆస్తుల వివరాలు వెబ్‌సైట్లో పెట్టారు. హైకోర్టుల్లో ఆ అలవాటు ఇంకా అరుదే.

నేను అడిగేది పెద్ద విప్లవం కాదు. ఫిర్యాదు ఇస్తే రసీదు ఇవ్వండి. గడువు పెట్టండి. కొట్టేస్తే ఎందుకు కొట్టేశారో ఫిర్యాదుదారుకు రెండు ముక్కలు రాయండి. విచారణలో ప్రభుత్వం చేయి ఉండనక్కర్లేదు, జడ్జీలే చేయనివ్వండి. కానీ ముగిశాక జనానికి చెప్పనివ్వండి.

యువకులకు ఒక మాట. తీర్పు నచ్చకపోవడం వేరు, జడ్జి ప్రవర్తన తప్పడం వేరు. మొదటిదానికి అప్పీలు, రెండోదానికి ఫిర్యాదు. కేసు ఓడిపోగానే జడ్జి అమ్ముడుపోయాడని వాట్సాప్‌లో పెట్టకండి. అది అబద్ధ సాక్ష్యం అవుతుంది, కోర్టు ధిక్కారమూ కావచ్చు. జిల్లా కోర్టుల జడ్జి మీద సద్భావంతో హైకోర్టుకు చేసే ఫిర్యాదు ధిక్కారం కాదని 1971 చట్టం ఆరో సెక్షన్ రక్షణ ఇస్తుంది. హైకోర్టు జడ్జి మీద చేసే ఫిర్యాదుకు ఆ సెక్షన్ వర్తించదు. చట్టం మార్చమని మీ ఎంపీని అడగాలంటే ఇక్కడి నుంచి మొదలుపెట్టండి.

ఫిర్యాదు రాయాల్సివస్తే తేదీ, కేసు నంబరు, కళ్లతో చూసినది మాత్రమే రాయండి. విన్నది వేరుగా పెట్టండి. హైకోర్టు ప్రధాన న్యాయమూర్తికి లేదా భారత ప్రధాన న్యాయమూర్తికి స్పీడ్ పోస్టులో పంపి, పోస్టాఫీసు రసీదు దాచుకోండి. ప్రస్తుతానికి మన చేతికొచ్చే రసీదు అదొక్కటే.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి. మరాఠీలో అడిగినా ఫర్వాలేదు, పక్కనున్న తమ్ముడు తెలుగులో చెబుతాడు.