ఫోన్ మోగితే ఏం చేయాలి?
(వేట నిషేధ భృతి లబ్ధిదారుల అవగాహన సమావేశ ప్రసంగం)



ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. ఆ కాలానికి ఇచ్చే భృతి 2025లో రూ.10,000 నుంచి రూ.20,000కు పెరిగింది. డబ్బు పడకపోతేనో, జాబితాలో పేరు లేకపోతేనో 1100కు ఫోన్ చేస్తాం. చేసినాక ఏం జరుగుతుందో తెలియకపోతే అర్జీ దెబ్బతింటుంది. అందుకే కాల్ సెంటర్ కంప్యూటర్ ఎట్టా పనిచేస్తుందో చెప్తాను. అది మూడు పద్ధతుల్లో నడుస్తుంది.

1. మీరు చేసే కాల్:
మీ కాల్ రేషన్ షాపు కాడ మాదిరి వరుసలో నిలబడుతుంది. ఆపరేటర్ ఖాళీ కాగానే కంప్యూటరే కలుపుతుంది. మధ్యలో పెట్టేసి మళ్లీ చేస్తే వరుస చివరికి పోతారు. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, పడవ రిజిస్ట్రేషన్ నంబరు దగ్గర పెట్టుకోండి. అర్జీ నంబరు అడిగి రాసుకోండి.

2. మనిషి మీకు చేసే కాల్:
ఒక్కోసారి ఆపరేటర్ మీ వివరాలు చూసుకొని డయల్ చేస్తారు. ఒక్కోసారి కంప్యూటరే ఒకేసారి చాలా నంబర్లకు డయల్ చేసి, ఎత్తిన వాళ్లను ఆపరేటర్‌కు కలుపుతుంది. అందుకే మీరు "హలో" అన్నాక కాసేపు ఎవరూ పలకరు. తొందరపడి పెట్టేయొద్దు.

3. రికార్డు గొంతు కాల్, అంటే ఐవీఆర్ఎస్:
"మీ సమస్య పరిష్కారంపై సంతృప్తిగా ఉన్నారా?" అని అడిగి అంకె నొక్కమంటుంది. మీరు ఎంత గట్టిగా "డబ్బు పడలేదయ్యా" అన్నా అది రాసుకోదు. నొక్కిన అంకె ఒక్కటే మీ జవాబు. ఏ అంకెకు ఏ అర్థమో పూర్తిగా విని నొక్కండి. పని కాకుండానే "సంతృప్తి" అంకె నొక్కితే, తీరిన సమస్యల లెక్కలోకి పోతుంది.

మన ఇళ్లల్లో ఇంకో ఇబ్బంది ఉంది. వేటకు పోతే లోపల సిగ్నల్ ఉండదు. ఫోన్ ఇంట్లో పెట్టిపోతే భార్యో పిల్లలో ఎత్తుతారు. పిల్లోడు ఆటకు నొక్కినా అది మీ జవాబే అవుతుంది. కాబట్టి అర్జీ నంబరు, సమస్య, అది తీరిందో లేదో ఒక కాగితం మీద రాసి ఇంట్లో అందరికీ చెప్పండి.

పొరపాటున తప్పు అంకె నొక్కారా? భయపడొద్దు. అర్జీ నంబరుతో మళ్లీ 1100కు చేయండి. లేదంటే సోమవారం నెల్లూరు కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికకు రండి.

ఒక హెచ్చరిక: ఏ కాల్‌లోనైనా ఓటీపీ, ఏటీఎం పిన్ అడిగితే అది మోసమే. చెప్పొద్దు. డబ్బు పోతే వెంటనే 1930కు ఫోన్ చేయండి.

నిషేధ కాలంలో వలలు బాగు చేసుకుంటాం కదా. ఆ రోజుల్లోనే ఒకసారి సచివాలయానికి పోయి, మీ పేరు మీద ఏ ఫోన్ నంబరు ఉందో చూసుకోండి. పాత నంబరు ఉంటే మార్పించుకోండి.