కడ్డీ ఎక్కడ లొంగుతుంది?



స్కేలుకు మూలమట్టం ఆనించి సమాంతర రేఖ గీయడం నాకు ఈ బడిలోనే వచ్చింది. ఇంజినీరుగా ఆ గీతే నన్ను ఒకసారి కాపాడింది.

స్టీలు కడ్డీని మెషిన్లో బిగించి లాగితే వెంట్రుకవాసి సాగుతుంది, వదిలితే మళ్లీ మామూలవుతుంది. ఒక హద్దు దాటాక ఇక వెనక్కి రాదు. ఆ హద్దే ఈల్డ్ స్ట్రెంత్. అది దాటితే కడ్డీ తెగకపోయినా వంతెన కుంగిపోతుంది. మెత్తని స్టీలులో అక్కడ మెషిన్ ముల్లు కాసేపు ఆగుతుంది. మేం ఉద్యోగాల్లో చేరినప్పటి మెలితిప్పిన కడ్డీల్లో ఆగదు. అందుకని గ్రాఫులో 0.2 శాతం సాగుదల దగ్గర మొదలుపెట్టి, మొదటి తిన్నని గీతకు సమాంతరంగా ఇంకో గీత గీస్తాం. అది వంపును తాకిన చోటే లెక్క. ఆ కడ్డీలకు చదరపు మిల్లీమీటరుకు 415 న్యూటన్లు ఉండాలి. 16 మి.మీ. కడ్డీకైతే దాదాపు ఎనిమిదిన్నర టన్నులు.

భద్రాచలం అడవి వైపు ఒక వాగు వంతెనకు వచ్చిన కడ్డీ పది టన్నులు మోసింది. నేను ఆ పదినే ఈల్డ్ గడిలో రాసేశాను. సంతకం పెట్టబోతుంటే ల్యాబ్‌లోని పెద్దాయన, "గీత గీయలేదేంది సారూ?" అన్నాడు. గీస్తే ఏడున్నరే!

సరుకు వెనక్కి పంపాం. ఆ వానాకాలమంతా అవతలి ఊళ్లవాళ్లు జ్వరమొచ్చినవాళ్లను మంచం మీదే వాగు దాటించారు. అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. వంతెన మరుసటి ఏడు పూర్తయింది. ఈరోజు నేను దాని మీదుగానే వచ్చాను.